ఓటీపీ అత్తగారికి వెళ్ళింది

శిల్పానగర్ కాలనీ, పెందుర్తి,
జనవరి 6.

కాలనీ గ్రంథాలయం చూసే శ్రీరామ్మూర్తి గారికి నమస్కారాలు.

మీ ఎదుట నాకు నోరు పెగలదు. అందుకని ఈ ఉత్తరం తిరిగిచ్చే పుస్తకంలో పెడుతున్నాను. జవాబు కూడా నేను తీసుకునే పుస్తకంలోనే పెట్టండి. నేను మూడో లైనులో ఉండే దేవిశ్రీని. పుట్టిల్లు పద్మనాభం అనే ఊరు. కార్డు రాయించినప్పుడు ఫోను నంబరు అడిగారు. నాకు ఫోను లేదు. మా ఆయన సాయిశంకర్ పోర్టులో పని, డ్యూటీలో ఫోను ఎత్తరు. అందుకని మా అత్తగారు అసిరమ్మ గారి నంబరు ఇచ్చాను. తప్పు నాదే.

పోయిన వారం 'గర్భిణి తినవలసినవి' అనే పుస్తకం తీసుకున్నాను. అది నాకు కాదు, పక్కింటి రోజారమణికి. ఆమె నాకంటే సిగ్గరి. నేను మీ గుమ్మం దాటకముందే మీ కంప్యూటరు అత్తగారికి పుస్తకం పేరుతో సహా మెసేజ్ పంపింది. అత్తగారికి చదువు రాదు. ఏ మెసేజ్ వచ్చినా సందు చివర అర్జునరావు మందుల షాపుకి పట్టుకెళతారు. ఆయన మెట్ల మీద నిలబడి, రైలొస్తోందని స్టేషన్లో చెప్పినట్టు చదువుతాడు. సాయంత్రానికల్లా నాకు మూడో నెలని కాలనీ తేల్చేసింది. "ఏటే, మందుల షాపోడు సెప్తే గానీ నాకు తెలీకూడదా?" అని అత్తగారు అలిగారు.

అసలు భయం వేరే ఉంది. పెళ్ళిచూపుల్లో మా నాన్న నేను టెన్త్ పాసని చెప్పారు. నేను ఏడుతో ఆపేశాను. ఇప్పుడు ఎవరికీ తెలియకుండా ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టాను. ఏప్రిల్లో పరీక్ష. ఆ పుస్తకాలు తీసుకుంటే మీ మెసేజ్ నా కొంప ముంచుతుంది. దయచేసి మెసేజ్‌లు ఆపండి.

ఇట్లు, భయపడుతూ,
దేవిశ్రీ

తా.క.: అత్తగారు నన్ను నీళ్ళ బకెట్ ఎత్తనివ్వడం లేదు. అది మాత్రం వెంటనే ఆగకపోయినా ఫరవాలేదు.

* * *

జనవరి 9.

పాఠకురాలు నంబరు 417 గారికి,

మన గ్రంథాలయం స్మార్ట్ అయి నలభై రోజులైంది. ఇదివరకు ఎవరేం చదువుతున్నారో నాకొక్కడికే తెలిసేది. అదీ మర్నాటికి మరిచిపోయేవాణ్ణి. కంప్యూటరు మరిచిపోదు. అదే అభివృద్ధి.

మెసేజ్‌లు ఆపే మీట నాకివ్వలేదు. నంబరు మాత్రం మార్చవచ్చు. అందుకు పాత నంబరుకి ఓటీపీ వస్తుంది, మూడు నిమిషాల్లో నాకు చెప్పాలి. మీ గుట్టు కాపాడటానికే ఈ జాగ్రత్త.

మీ గోప్యతకు కాపలాగా,
శ్రీరామ్మూర్తి

తా.క.: మీ అభిరుచి గమనించి కంప్యూటరు 'మగపిల్లల పేర్లు వెయ్యి' అనే పుస్తకం మీకు సిఫారసు చేసింది. ఆ మెసేజ్ నేను చూసేలోగా వెళ్ళిపోయింది.

* * *

జనవరి 17.

శ్రీరామ్మూర్తి గారికి దేవిశ్రీ నమస్కరించి రాయునది.

అత్తగారు సింహాద్రి అనే పేరు ఖాయం చేశారు. ఇక లాభం లేదని పుస్తకం రోజారమణికోసమని చెప్పేశాను. "కంప్యూటరు అబద్దమాడతాదేటి? నువ్వే సిగ్గుపడి దాస్తన్నావు" అన్నారు. ఆ మాట చెప్పినందుకు రోజారమణి నాతో మాట్లాడటం మానేసింది.

నిన్న నంబరు మార్చి మా నాన్నది పెట్టించడానికి వచ్చాను కదా. నేను మీ బల్ల దగ్గర నిలబడ్డాను. ఓటీపీ అత్తగారికి వెళ్ళింది. అత్తగారు షాపుకి వెళ్ళారు. అర్జునరావు చూసి, "పిన్నమ్మా, ఇది మోసగాళ్ళ పని. ఈ అంకెలు ఎవ్వరికీ సెప్పకండి" అన్నాడట. అని, ఆరంకెలూ మెట్ల మీంచి గట్టిగా చదివాడట. కాలనీలో ఆ అంకెలు తెలియనిది నాకొక్కదానికే.

ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి. పరీక్ష దగ్గర పడుతోంది. లెక్కల పుస్తకం ఇంకా ముట్టుకోలేదు.

ఇట్లు, ఏమీ తోచని
దేవిశ్రీ

తా.క.: మీరు మీట నాలుగుసార్లు నొక్కారు. నాలుగో ఓటీపీకి అర్జునరావు గొంతు పోయి, తన షాపులో మాత్ర తనే కొనుక్కున్నాడట.

* * *

జనవరి 20.

పాఠకురాలు నంబరు 417 గారికి,

దారి ఉంది. 'గోప్యత కోరు పత్రం' ఈ పుస్తకంలో పెట్టాను. నింపి ఇస్తే మెసేజ్‌లు ఆగుతాయి. కారణం అనే గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఒప్పుకోదు. నిజమే రాయాలి. భయపడకండి, అంతా నిబంధనల ప్రకారమే జరుగుతుంది.

మీ గుట్టు నా గుట్టుగా,
శ్రీరామ్మూర్తి

తా.క.: మీకంటే ముందు ఈ పత్రం అడిగినవారు ఒక్కరే. ఎవరో చెప్పను. మామూలుగా ఆయన గొంతు సందంతా వినిపిస్తుంది గానీ, ఇది మాత్రం నా చెవిలో అడిగారు.

* * *

ఫిబ్రవరి 2.

శ్రీరామ్మూర్తి గారికి, దాచుకోవడానికి ఇక ఏమీ మిగలని దేవిశ్రీ నమస్కారాలు.

మీ నోటీసు బోర్డు చూశాను. 'గోప్యత కోరినవారి జాబితా.' రెండో పేరు నాది. కారణం: 'టెన్త్ పాసని అత్తవారికి అబద్ధం చెప్పినందున.' అభ్యంతరం ఉన్నవారు వారంలోగా తెలపాలట.

అర్జునరావు దాన్ని ఫొటో తీసుకుని తిన్నగా మా ఇంటికే వచ్చాడు. అత్తగారి ముందు నా లైను చదివాడు. నేను తలుపు వెనక గోడకి అతుక్కుపోయాను.

"దానిపైన ఇంకో లైనుందే, అదేటి?" అన్నారు అత్తగారు.

"అది మనకెందుకులే పిన్నమ్మా."

అత్తగారు ఫోను లాక్కుని పక్కింటివైపు కేకేశారు. "రోజారమణీ, ఇలా రావే. ఇది సదువు."

రోజారమణి గొంతెత్తి చదవడం నేను వినడం అదే మొదలు. "ఒకటి. అర్జునరావు. పుస్తకం: బట్టతలకు ఇంటి చిట్కాలు. కారణం: నా షాపులో అమ్మే జుట్టునూనె పనిచేయదని జనానికి తెలియకూడదు."

ఆయన ఫోను కూడా మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

తరవాత అత్తగారు నన్ను లోపలికి పిలిచారు. "నువ్వు టెన్త్ కాదని నాకెప్పుడో తెల్సు. పాసైన పిల్ల ఏడాదిలో ఒక్కసారైనా ఆ కాయితం సూపించదేటి?" నేను ఏడుపందుకున్నాను. "ఏడుపాపు. మావోడిది పర్మనెంట్ ఉజ్జోగమని మీ నాన్నకి మేం సెప్పలేదేటి? ఆడిది కాంట్రాక్టు. నువ్వు సదివితే మీ అబద్దం నిజమైపోద్ది. మాది ఏం సేత్తే నిజమవుద్దే?"

కాబట్టి టెన్త్ పుస్తకాలన్నీ ఇవ్వండి. మెసేజ్ ఎవరికి పంపుకున్నా సరే.

ఇట్లు, ధైర్యంగా,
దేవిశ్రీ, ఏడో తరగతి

తా.క.: గర్భిణి పుస్తకం తనకోసమేనని రోజారమణి అత్తగారితో ఒప్పుకుంది. ఇవాళ్టి నుంచి బకెట్ మళ్ళీ నేనే ఎత్తుతున్నాను.

ఇంకో తా.క.: అత్తగారు కూడా కార్డు తీసుకుంటారట. ఫోను నంబరు గడిలో అర్జునరావు నంబరు రాయమన్నారు. "ఎలాగూ ఆడే సదవాలి గదా. నాకు నడక తప్పుతాది" అన్నారు. వారం వారం బట్టతల పుస్తకమే తీసుకుంటారట.