కొండ దిగితే పెరిగిన చార్జింగు

కూర్మన్నపాలెం

పుష్పక్కా, ఇక్కడ అందరం కులాసా.

చవక కరెంటు కారు రోజూ తిరగడానికి పనికొస్తుందా అని బావ అనుమానం కదా. నెలగా ప్లాంటు డ్యూటీకి అదే, ఒక్కరోజూ మొండికెయ్యలేదు. కొన్న రోజు పూజకు సింహాచలం కొండెక్కిస్తే చార్జింగు గబగబా తగ్గి నా గుండె జారింది. దిగేసరికి రెండు శాతం పెరిగింది! దిగేటప్పుడు బండే కరెంటు చేసుకుంటుందని చెప్పినా మా అత్తగారు వింటేనా? "ఊరుకో బాబూ, ఆ చార్జింగు సింహాద్రి అప్పన్నే ఏసినాడు" అంది.

మీ అరుగు దగ్గర ప్లగ్గుకు ఎర్తు ఉందా? లేకపోతే బావచేత వేయించు, తిరుగు ప్రయాణానికి చార్జింగు పెట్టాలి. బస్సులో డీజిలు కంపుకు వాంతులని ఏడేళ్లుగా మా గడప తొక్కలేదు నువ్వు. ఇందులో పొగా లేదు, కంపూ లేదు. పై ఆదివారం నిన్ను తీసుకెళ్లడానికి వస్తున్నాను. బావకు నమస్కారాలు. వాసన చూసే నిమ్మకాయ ఇంట్లో వదిలేసి, బట్టల సంచీతో గుమ్మంలో నిలబడు.

నీ తమ్ముడు
సాయిశంకర్