రాజ్మా లేని చిల్లీ

ఏమయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఫోటో ముందు పెట్టడానికి మటన్ వండబోతుంటే, కొడుకు నన్ను వంటింట్లోంచి వెళ్లగొట్టాడు. ఫోన్ చూసుకుంటూ కీమాలో టమాటా రసం పోసి గంటసేపు ఉడికించాడు. అదేదో అమెరికా కూర, దాని పేరు చిల్లీ అట! రాజ్మా గింజలు వేయమని ఫోన్ చెబుతున్నా వేయలేదు. కారం చిటికెడు. పిల్లి కూడా ముట్టని ఆ కూరను నీ విస్తట్లో వడ్డించాడు.

"పచ్చిమిరపకాయ కొరకనిదే ముద్ద దిగని మనిషికి గీ చప్పటి కూరేందిరా?" అని కసిరాను.

"ఆఖరి నెలంత నాయిన తిన్నది గిదేనమ్మా. నోరంత పుండ్లు, రాజ్మా అరుగకపోయేది. దిల్‌సుఖ్‌నగర్ల నా రూంల వండి పొద్దుగాల్నే దవాఖానకు పట్టుకపోయేటోన్ని. నీకు చెప్పొద్దన్నడు."

మరి బడంగ్‌పేట్ నుంచి రెండు ఆటోలు మారి నేను ఎల్బీనగర్ దవాఖానకు మోసుకొచ్చిన ఎర్రటి కూరలు? పక్క మంచం వాళ్లకు పెట్టేవాడివట. ఖాళీ డబ్బా నా చేతికిచ్చి "కారం సరిపోయింది" అనేవాడివి. సిగ్గులేని మనిషివి.

నీ విస్తట్లోదే తీసి తిన్నాను. ఛీ, ఉత్త చప్పిడి. కొడుకు నా మొహంలోకే చూస్తున్నాడు.

"కారం సరిపోయింది బిడ్డా," అన్నాను.