ఎవరల్లారని అడిగితే

న్యోకాబీ,

గిథేరి పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తిను. మేకకి గడ్డి వేశాను. నేను కరాటీనా వెళ్తున్నా, బయట మటాటు వ్యాను వాడు హారన్ కొట్టి చంపుతున్నాడు.

నాలుగింటికి చర్చి ఆడవాళ్ళు వస్తారు. మొన్న చర్చిలో అమ్మిన హెయిర్‌బ్యాండ్లు నీ చేత్తో అల్లినవని చెప్పావటగా! అన్నీ నేనల్లినవాయె. ఇప్పుడు పెళ్ళికి ఇరవై కావాలట, కళ్ళెదుట ఒకటి అల్లి చూపిస్తేనే ఆ పని నీకిస్తారట. నువ్వు అల్లిందల్లా ఒక్కటి, దాన్ని మేక కూడా ముట్టలేదు. ఫోన్‌లో ఫోటో అయితే బ్రహ్మాండం, క్రోషా సూది తలకిందులుగా పట్టుకుని మహారాణిలా నవ్వుతున్నావు. మీ అత్త వాంగారి చూసి, "అమ్మా, ఇది అల్లుతోందా, పళ్ళు తోముకుంటోందా?" అంది.

చూపుడు వేలికి గుడ్డ చుట్టుకో. ఉల్లిపాయలు తరుగుతుంటే తెగింది, సూది పట్టలేనని చెప్పు. టీలో చక్కెర దండిగా వెయ్యి. నేను రాగానే కూర్చోబెట్టి నేర్పుతా, ఈసారి పారిపోకు.

అవ్వ

మరిచాను. ఎవరల్లారని మరీ నిలదీస్తే, న్యోకాబీ అల్లిందని చెప్పు. అబద్ధం కాదులే తల్లీ, మీ నాన్న నీకు పెట్టింది నా పేరేగా.