నువ్వు దాచావన్న బిడ్డ

పెద్దమ్మా,

నువ్వు చదవవని తెలుసు. అయినా ఈ మాట ముందు నీకే చెప్పాలి.

పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు పండలేదని దిల్‌సుఖ్‌నగర్‌లో పరీక్షలు చేయించుకున్నాను. కొన్నాళ్లుగా నాకు ఊరికే పాలు వస్తున్నాయి. ఈరోజు రిపోర్టు చూసిన డాక్టరమ్మ, పాలు తెప్పించే హార్మోన్ ఎక్కువైందని, గోళీలతో తగ్గుతుందని చెప్పింది.

పక్కనే కూర్చున్న నీ చెల్లెలు, మా అమ్మ, "పిల్ల పుట్టకుంటనే పాలొస్తయా మేడం?" అంది.

"వస్తయమ్మా."

అమ్మ మళ్లీ అదే అడిగింది.

పనికి పోయిన పెదనాన్న చాన్నాళ్లకు బొంబాయి నుంచి వచ్చేసరికి నీ రవిక తడిసి ఉందట. ఎవరికో కని బిడ్డను దాచావని నిన్ను పుట్టింట్లో దించేసి పోయాడట. నువ్వు ఎన్ని ఒట్లు పెట్టినా ఎవరూ నమ్మలేదు. ఆ నిందతోనే పోయావు.

అది ఇవాళ్టితో తొలగిపోయింది కదా, అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆటోలో ఎల్బీనగర్ వచ్చాం. దిగాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గా బిడ్డ యాడనో బతికే ఉంటదని, ఎన్నడన్న ఎదురైతదని ఇన్నేండ్లు సూస్తనే ఉన్ననే. అయితే మా అక్కకు ఎవ్వరు లేరన్నట్టేనా?"