నాలుగో తోటలో పోయింది

నాలుగో తోట కాపలాదారు గారికి,

మీ తోటలో టేకు, తుమ్మ కలిపి నాటి ఎనిమిదేళ్లయింది. మూడో తోటలో ఉన్నది ఒక్క టేకే. టేకు ఎక్కడ బాగా పెరుగుతోందో పైవాళ్లు అడుగుతున్నారు. ఎత్తులు, ఆకుల కొలతలు పంపండి. మీ తోటలో ఈ ఏడు ఎన్ని పోయాయో కూడా రాయండి.

ఇట్లు,
పరిశోధన కార్యాలయం గుమాస్తా

గుమాస్తా అమ్మగారికి నమస్కారాలు.

కొలతలు వేరే కాగితంలో ఉన్నాయి. తుమ్మ పక్కనున్న టేకు మూడో తోటదానికంటే మనిషెత్తు ఎక్కువే ఎదిగింది. ఆకు చేటంత ఉంది, పలచన. మూడో తోటలో ఆకు చిన్నది, అట్టలాగా మందం. ఈ ఏడు పోయింది ఒక్కటే. ఎండల్లో పోయింది.

విధేయుడు,
కాపలాదారు

తా.క.: అది పోయాక తోటంతా నిశ్శబ్దంగా ఉంది.

కాపలాదారు గారికి,

ఒక్కటే పోవడం సంతోషం. పోయింది ఎంత ఎత్తుండేది? జబ్బు ఎలా మొదలైంది? వివరంగా రాయండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: నిశ్శబ్దం రాసుకోవడానికి మా పట్టికలో గడి లేదు.

అమ్మగారికి,

నా భుజం దాకా వచ్చేది. నిరుడు వానల తర్వాత వాడిపోవడం మొదలైంది. ముందు పచ్చబడింది. తర్వాత నీళ్లు కూడా ఇమడలేదు. చివరి రెండు వారాలూ ఆనించి నిలబెట్టాల్సి వచ్చింది.

విధేయుడు,
కాపలాదారు

తా.క.: పొద్దున్నే పాడేది.

కాపలాదారు గారికి,

ఎనిమిదేళ్లకు భుజం దాకానే అంటే ఎదుగుదల లోపం. అలాంటిదాన్ని మొదట్లోనే తీసేయాల్సింది. వెంటనే కాల్చేసి, నెలలోగా దాని చోట అదే జాతిది, లేతది తెచ్చిపెట్టండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: మీరు ‘పాడేది’ అని రాశారు. ‘పాడయ్యేది’ అని దిద్ది ఫైల్లో పెట్టాను.

అమ్మగారికి,

కాల్చడం ఆ రోజే అయింది. లేతదాన్ని తెచ్చుకునే వయసు నాకు లేదు. పోయింది నా భార్య. ఆమె నిజంగానే పాడేది. చెట్లు ఒక్కటీ పోలేదు, సున్నా వేసుకోండి.

మీ మొదటి ఉత్తరం పొరబాటుగా చదివాను. రెండోది రాగానే మీరు అడిగేది చెట్టు గురించని అర్థమైంది. అయినా సరిదిద్దలేదు. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా నేను తింటున్నానా, పడుకుంటున్నానా అనే అడిగారు. ఆమె ఎంత ఎత్తుండేది, జబ్బు ఎలా మొదలైంది అని అడిగింది మీరొక్కరే. అందుకని రాస్తూ పోయాను. తప్పయితే క్షమించండి.

విధేయుడు,
కాపలాదారు

తా.క.: ఎనిమిదేళ్లూ ఆకులు కొలిచింది ఆమే. జీతం పట్టీలో నా పేరొక్కటే ఉంటుంది కాబట్టి మీకు తెలిసే దారి లేదు. ఈసారివి నేను కొలిచాను. వాటిని నమ్మకండి.