వెనక కట్టు

మామా,
కామమ్మని మైపాడులో వాళ్ళమ్మ దగ్గర దిగబెట్టి రేపు వస్తా. కూడు ఉట్టి మీద ఉండాది, పులుసు వేడి చేసుకో. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెప్పని విప్పి, దుంగలు ఇసకలో ఎండేసినా. పొద్దు తిరిగినాక వాటిని తిప్పెయ్యి.

విప్పేటప్పుడు చూసినా. మీ తమ్ముడు చిన్నపోలయ్య కట్టిన ముందు కట్టు అంత అలల్లోనూ సడల్లేదు, కత్తి పెట్టి కోయాల్సి వచ్చింది. తెగింది నువ్వు కట్టిన వెనక కట్టు. పైన కొత్త తాడు చుట్టి, లోపల చివికిన పాత తాడే ఉంచినావు. అది తెగబట్టే దుంగలు విడిపోయి చిన్నపోలయ్య మునిగిపోయినాడు.

మీ అమ్మేమో కొత్త కోడలు కామమ్మ పాదం మంచిది కాదని, పెద్దకర్మ అయిన మర్నాడే దాన్ని గడప దాటిస్తా ఉంది. నువ్వు పక్కనే కూచుని బీడీ కాల్చుకుంటా ఉన్నావు.

ఆ చివికిన తాడు ముక్క నీ చొక్కా కొక్కేనికి తగిలించినా. మీ అమ్మకి చదువు రాదు గానీ, తాడు చూస్తే తెలుస్తుంది. నేనొచ్చేలోగా నువ్వే చూపించు. లేకుంటే నేను చూపిస్తా.
మస్తానమ్మ

పొద్దున కామమ్మ నీ కాళ్ళు పట్టుకుని, “నా రాతే ఆయన్ని మింగింది బావా” అని ఏడ్చింది. నువ్వు కాళ్ళైనా వెనక్కి తీసుకోలేదు.