పడవకి లారీ స్టీరింగు

నిజాంపట్నం,
12-3-1989

తెనాలి అన్నయ్యకి,

మీ బావ చెబుతుంటే రాస్తున్నాను. మా తెరచాప పడవకి చుక్కాని కర్ర తీసేసి నువ్వు బిగించిన లారీ స్టీరింగు పనికిరాదంట. కర్రని ఎడమకి తోస్తే పడవ కుడికి తిరిగేది. ఇరవై ఏళ్ల అలవాటు కదా, కుడికి పోవాలని స్టీరింగునీ ఎడమకే తిప్పి, వీరరాఘవమ్మత్త ఒడ్డున ఆరబెట్టిన చేపల మీదకి పడవ ఎక్కించారు. తప్పు స్టీరింగుదేనంట. ఆదివారం వచ్చి విప్పేయమంటున్నారు.

ఇక నా మాట. ఆయనకి చదవడం రాదు కాబట్టి రాస్తున్నాను. "ఇంకా ఏంటి రాస్తున్నావు" అంటే పిల్లల క్షేమమన్నాను. నిన్న ఆయన అన్నానికెళ్లినప్పుడు మామయ్య తెరచాప పట్టారు, నేను స్టీరింగు పట్టాను. కాలవ మలుపులన్నీ తిప్పుకొచ్చాను, ఎక్కడా తగల్లేదు.

ఆదివారం తప్పకుండా రా. విప్పే పానాలు తేవద్దు, హారన్ తీసుకురా.

నీ చెల్లెలు